అమెరికాలో ఆరు నెలలు: అమ్మానాన్నల ఫోనుకు మింట్ మొబైల్ ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండివద్దామని డల్లాస్‌కో న్యూజెర్సీకో బయల్దేరే పెద్దవాళ్ళ ఫోను రెండు పనులు చేయాలి. గుమ్మం దాటి బయటికెళ్ళినప్పుడు పిల్లలకు కాల్ కలవాలి, మ్యాప్ తెరుచుకోవాలి. ఇక్కడి బ్యాంకు ఓటీపీ అక్కడికి చేరాలి. ఈ రెండూ ఒక్క ఇండియా సిమ్‌తోనే కానిద్దామంటే రోమింగ్ ప్యాక్ మీద ప్యాక్ వేయించాల్సి వస్తుంది. ఇండియా సిమ్‌ను ఓటీపీలకే ఉంచి, మాటలకూ డేటాకూ అమెరికా ప్రీపెయిడ్ సిమ్ తీసుకోవడం చవక. ఆ రెండో సిమ్‌గా మింట్ మొబైల్ 5 జీబీ ప్లాన్ బాగానే సరిపోతుంది, కాకపోతే ఫోను దానికి తగినదై ఉండాలి. ఇబ్బంది పడేవాళ్ళలో ఎక్కువమందికి తేడా వచ్చేది అక్కడే.

ముందు డబ్బు సంగతి. మింట్ నెలనెలా కట్టే ప్లాన్ కాదు. 3, 6, 12 నెలలకు ఒకేసారి ముందుగా కట్టాలి. కొత్తగా చేరేవాళ్ళకు 5 జీబీ ప్లాన్ నెలకు 15 డాలర్ల లెక్కన మూడు నెలలకు 45 డాలర్లు, పన్నులు అదనం. మూడు నెలలయ్యాక మళ్ళీ మూడు నెలలకే తీసుకుంటే నెలకు 25 చొప్పున 75 అవుతుంది. అంటే ఆరు నెలలకు మొత్తం 120. మొదట్లోనే ఆరు నెలల ప్లాన్ తీసుకుంటే నెలకు 20, అదీ 120 డాలర్లే. లెక్క ఒకటే అయినప్పుడు మూడు నెలలతో మొదలుపెట్టడమే మేలు. సిగ్నల్ నచ్చకపోయినా, తిరుగు ప్రయాణం ముందుకు జరిగినా పోయేది తక్కువ. కొత్తవాళ్ళకు అన్‌లిమిటెడ్ ప్లాన్ కూడా నెలకు 15 డాలర్లకే ఇచ్చే ఆఫర్లు అప్పుడప్పుడు వస్తుంటాయి, కొనే రోజున ఒకసారి చూసుకోండి. ప్లాన్ ఏదైనా అమెరికాలో కాల్స్, ఎస్సెమ్మెస్‌లు అన్‌లిమిటెడ్. 5 జీబీ అయిపోతే నెట్ ఆగిపోదు గానీ 2జీ వేగానికి పడిపోతుంది. అప్పుడు వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, వీడియో కాల్ వెళ్ళదు. ఇంట్లో ఎలాగూ వైఫై ఉంటుంది కాబట్టి పార్కుకీ గుడికీ ఇండియన్ స్టోర్‌కీ తిరిగే పెద్దవాళ్ళకు నెలకు 5 జీబీ చాలు. బయట కూర్చుని యూట్యూబ్‌లో సీరియళ్ళు చూసే అలవాటుంటే మాత్రం చాలదు.

కొనేటప్పుడు ఇండియా క్రెడిట్ కార్డుతో తంటాలు పడొద్దు. బిల్లింగ్ అడ్రస్‌కు అమెరికా జిప్ కోడ్ అడుగుతుంది, మన కార్డులు అక్కడ తరచుగా తిరస్కరణకు గురవుతాయి. పిల్లలే వాళ్ళ కార్డుతో కొని పెడితే సరి. సిమ్ టార్గెట్, బెస్ట్ బై షాపుల్లోనూ దొరుకుతుంది. ఫోనులో ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోకే ఎక్కించుకునే సిమ్) సౌకర్యం ఉంటే షాపుకెళ్ళే పని కూడా లేదు.

ఇప్పుడు ఫోను. మింట్‌కు సొంత టవర్లు లేవు, టీ-మొబైల్ టవర్ల మీద నడుస్తుంది. 2024 మేలో టీ-మొబైల్ ఈ కంపెనీని కొనేసింది కూడా. టీ-మొబైల్ 4జీ ప్రధానంగా 2, 4, 66, 12, 71 బ్యాండ్ల (సిగ్నల్ తరంగాల శ్రేణుల) మీద వస్తుంది. మన దగ్గర జియో, ఎయిర్‌టెల్ 4జీ నడిచేది ఎక్కువగా 3, 5, 8, 40 లాంటి బ్యాండ్ల మీద. ఇండియా కోసం తయారుచేసిన తక్కువ ధర ఫోన్లలో ఈ మన బ్యాండ్లు మాత్రమే నిండుగా ఉండి, అమెరికావి ఒకటో రెండో ఉంటాయి, లేదా అసలుండవు. 12, 71 బ్యాండ్లు 700, 600 మెగాహెర్ట్జ్ తరంగాలు. గోడల్లోంచి లోపలికి దూరేవీ, ఊరి బయట చాలా దూరం పాకేవీ ఇవే. ఇవి లేని ఫోనులో రోడ్డు మీద సిగ్నల్ బాగానే ఉంటుంది, కాస్ట్‌కో లాంటి పెద్ద స్టోర్ లోపలికి వెళ్ళగానే పోతుంది. సిమ్ చెడిందని మార్పించుకుని ప్రయోజనం లేదు, లోపం ఫోనుది. కాబట్టి బయల్దేరకముందే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఫోను మోడల్ నంబర్ పెట్టి ఏయే బ్యాండ్లున్నాయో చూడండి. పేరు చూస్తే చాలదు. ఒకే పేరుతో ఇండియాకో రకం, అమెరికాకో రకం ఫోను అమ్ముతారు, మోడల్ నంబరే అసలు తేడా చెబుతుంది.

ఇంకో సంగతి. అమెరికాలో 3జీ 2022లోనే మూతపడింది. అందుకే కాల్ వెళ్ళాలంటే ఫోనులో వోల్ట్ (VoLTE, అంటే 4జీ మీదే కాల్ వెళ్ళే పద్ధతి) పనిచేయాలి. కొన్ని ఫోన్లలో డేటా వస్తుంది, వాట్సాప్ మోగుతుంది, మామూలు కాల్ మాత్రం పోదు. సెట్టింగ్స్‌లో ఆ సిమ్‌కు వోల్ట్, వైఫై కాలింగ్ రెండూ ఆన్ చేయండి. వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడు ఇంటి అడ్రస్ అడుగుతుంది. అది అత్యవసర నంబర్ 911కు ఫోన్ చేసినప్పుడు అంబులెన్స్ ఎక్కడికి రావాలో తెలియడానికి. పిల్లల ఇంటి అడ్రస్ అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా ఇవ్వండి, ఇల్లు మారితే అదీ మార్చండి. పెద్దవాళ్ళ ఫోనులో ఇంతకన్నా ముఖ్యమైన సెట్టింగ్ లేదు.

సిమ్ వేశాక డేటా రాకపోతే సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (ఫోనును కంపెనీ నెట్‌కు కలిపే సెట్టింగ్) చూడండి. మింట్ ఏపీఎన్ పేరు ‘హోల్‌సేల్’, దాన్ని ఇంగ్లిష్‌లో టైపు చేయాలి. ఇండియా ఫోన్లలో ఇది ఒక్కోసారి దానంతట అది రాదు. నచ్చకపోతే యాక్టివేట్ చేసిన ఏడు రోజుల్లోపు వెనక్కివ్వొచ్చు. అందుకే ఆ మొదటి వారంలోనే ఇంటి లోపల, గుడి దగ్గర, పార్కులో, కిరాణా కొనే చోట నాలుగు కాల్స్ చేసి చూడండి.

సిమ్‌లు పెట్టే చోటు విషయంలోనూ చిక్కులున్నాయి. కొన్ని ఫోన్లలో రెండో సిమ్‌కూ మెమరీ కార్డుకూ ఒకటే అర ఉంటుంది. అలాంటి ఫోనైతే కార్డులోని ఫొటోలు ముందే కాపీ చేసుకోండి, అక్కడ దాన్ని తీసేయక తప్పదు. పిల్లలు వాడి ఇచ్చిన ఐఫోన్ అయితే ఇంకో లెక్క. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రే లేదు. కొత్త ఫోను తెచ్చి అమ్మ చేతిలో పెట్టాక ఇండియా సిమ్ ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయే ఇళ్ళు చాలా ఉంటాయి. ఇండియా నంబర్‌ను ఇక్కడే ఈ-సిమ్‌గా మార్చుకుని వెళ్ళాలి. సిమ్ మార్చినప్పుడు 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు కాబట్టి ఆ పని ప్రయాణానికి కనీసం వారం ముందు ముగించండి. ఈ-సిమ్ ఉందో లేదో తెలియాలంటే *#06# డయల్ చేయండి, ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే నంబర్ కనిపిస్తే ఉన్నట్టే. అమెరికా వెళ్ళాక ఇండియా ఈ-సిమ్‌ను డిలీట్ చేయకండి, వేరే ఫోనుకు మార్చకండి. మళ్ళీ ఎక్కించుకోవడానికి ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ రావాల్సింది ఆ సిమ్‌కే.

ఇండియా సిమ్‌ను బతికించుకోవడం సగం పని. 90 రోజులు వాడకుండా వదిలేసిన నంబర్‌ను కంపెనీ రద్దు చేయొచ్చు. 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకుని మరో 30 రోజులు ఉంచాలన్న ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది గానీ, దాని మీద ఆధారపడి ఆరు నెలలు ఉండటం తెలివి కాదు. వెళ్ళే ముందే తిరిగొచ్చే తేదీ దాటేంత కాలానికి రీచార్జ్ చేయించండి. ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన మార్చాక డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే దీర్ఘకాల ప్లాన్లు వచ్చాయి. ఇలాంటి అవసరానికి అవే సరైనవి. ఆ తర్వాత యాప్‌లోనో స్టోర్‌లోనో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాలి. అది ఆన్ కాకపోతే రీచార్జ్ ఎంతున్నా అమెరికాలో దిగగానే ‘నో సర్వీస్’ అంటుంది, ఓటీపీ రాదు. ఆన్‌లో ఉంటే వచ్చే ఎస్సెమ్మెస్‌లకు డబ్బు పడదు.

డబ్బు పడేది వేరే చోట్ల. ఇండియా సిమ్‌కు వచ్చిన కాల్ ఎత్తితే నిమిషానికి రోమింగ్ ఛార్జి పడుతుంది. మోగి ఆగిపోతే ఏమీ లేదు. కానీ ఆ సిమ్ మీద కాల్ ఫార్వర్డింగ్ ఉంటే మీరు ఎత్తకపోయినా డబ్బు పోవచ్చు. ఎందుకంటే అమెరికా దాకా వచ్చిన కాల్ మళ్ళీ ఇండియాకు మళ్ళుతుంది. ఇక్కడుండగానే ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది. డేటా రోమింగ్ ఆ సిమ్‌కు పూర్తిగా ఆపేయండి. ఒక సిమ్ బలహీనమైతే రెండో సిమ్ డేటాకు దానంతటదే మారే సెట్టింగ్ కొత్త ఫోన్లలో ఉంటుంది, దాన్ని కూడా ఆపాలి. ఐఫోన్ వాడేవాళ్ళు ఇండియా నంబర్‌కు ఐమెసేజ్, ఫేస్‌టైమ్ కూడా ఆపితే మంచిది. సిమ్ ఆన్ చేసినప్పుడల్లా అవి మీకు కనబడకుండా విదేశీ నంబర్‌కు ఓ ఎస్సెమ్మెస్ పంపుతాయి, దానికి డబ్బు కోస్తారు.

యూపీఐ, బ్యాంకు యాప్‌లు బయల్దేరే ముందే ఆ ఫోనులో పనిచేస్తూ ఉండాలి. మొదటిసారి నమోదయ్యేటప్పుడు యాప్ ఇండియా సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి ఫోనును గుర్తుపడుతుంది. ఆ మెసేజ్ అమెరికా నుంచి వెళ్ళడం నమ్మకం లేని పని. అందుకే అక్కడ యాప్ తీసేసి మళ్ళీ వేయడం, ఫోను రీసెట్ చేయడం వద్దు. వాట్సాప్ పాత నంబర్‌తోనే ఉండాలి. కొత్త సిమ్ వేయగానే నంబర్ మార్చాలా అని అడిగితే వద్దనే చెప్పండి. ఇండియా సిమ్ ఉన్న ఫోనులోనే వాట్సాప్ నడవాలంటూ టెలికాం శాఖ 2025 నవంబర్‌లో ఆదేశాలిచ్చింది. ఆ సిమ్‌ను తీసి డబ్బాలో పెట్టకుండా ఉండటానికి ఇదింకో కారణం.

దారిలో ఒక్క మాట. విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకండి. కొన్ని విమానాల్లో లోపలే మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, ఫోను దాన్ని పట్టుకుంటే ఆ ధర మామూలు రోమింగ్ ప్యాక్‌లోకి రాదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళకు ఎయిర్‌పోర్టులో ఉచిత వైఫై ఉంటుంది, అయినా వాట్సాప్ కాల్ కలవదు. యూఏఈలో ఆ కాల్స్ మీద ఆంక్షలున్నాయి. ఫోను చెడిందని కంగారు పడకుండా వాయిస్ మెసేజ్ పంపితే చాలు, అది వెళ్తుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. కాల్ కలవకపోతే అటు పిల్లలూ ఇటు వీళ్ళూ గంటల తరబడి ఆందోళన పడతారు.

మింట్‌లో లోపాలు లేవని కాదు. టవర్ రద్దీగా ఉన్నప్పుడు టీ-మొబైల్ సొంత పోస్ట్‌పెయిడ్ వాళ్ళ తర్వాతే మింట్ వాళ్ళ వంతు. అక్కడి తెలుగు సంఘాలు తానా, ఆటా మహాసభల్లా వేలమంది ఒకే హాలు దగ్గర చేరినప్పుడు సిగ్నల్ గీతలు నిండుగా ఉండి కూడా నెట్ కదలకపోవచ్చు. కలుసుకునే గేటు ముందే అనుకోండి. యెల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో మైళ్ళ కొద్దీ సిగ్నలే ఉండదు, మ్యాప్‌ను ఇంటి వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకుని వెళ్ళాలి. నయాగరా దగ్గర నది అవతల కెనడా. అక్కడ ఫోను కెనడా టవర్‌ను పట్టుకుంటుంది కాబట్టి రెండు సిమ్‌ల డేటా రోమింగూ ఆపి, నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్ నుంచి తీసి టీ-మొబైల్‌ను చేత్తో ఎంచుకోండి. ఇండియాకు మామూలు కాల్స్ ఈ ప్లాన్‌లో లేవు. బంధువులకు వాట్సాప్ ఉంది గానీ ఊళ్ళో డాక్టర్ గారి క్లినిక్ ల్యాండ్‌లైన్‌కు చేయాలంటే విడిగా ఇంటర్నేషనల్ క్రెడిట్ వేసుకోవాలి.

దాదాపు ఎప్పుడూ ఇంట్లోనే ఉండి మనవళ్ళను చూసుకునేవాళ్ళకు మింట్ కూడా ఎక్కువే. అల్ట్రా మొబైల్ పేగో అని నెలకు 3 డాలర్ల ప్లాన్ ఉంది: 100 నిమిషాలు, 100 ఎస్సెమ్మెస్‌లు, 100 ఎంబీ డేటా. ఇదీ టీ-మొబైల్ టవర్ల మీదే. ఇంటి వైఫైకి తోడు చేతిలో ఒక స్థానిక నంబర్ ఉండాలనుకుంటే ఇంతకన్నా చవక కష్టం. రెండు వారాల స్నాతకోత్సవం ప్రయాణానికైతే ఇండియా కంపెనీ రోమింగ్ ప్యాకే సుఖం, కొత్త సిమ్ గొడవ ఉండదు. ఎయిర్‌టెల్ 2025 ఏప్రిల్‌లో 4,000 రూపాయలకు ఏడాది ప్లాన్ తెచ్చింది. విదేశంలో 5 జీబీ, 100 నిమిషాలు, ఇండియాలో రోజుకు 1.5 జీబీ ఇస్తుంది. ఆరు నెలల వాడకానికి ఆ 5 జీబీ మొత్తం చాలదు. ఏడాదికోసారి వచ్చిపోతూ ఇండియా నంబర్ నిలబెట్టుకోవాలనుకునేవాళ్ళకు మాత్రం సరిగ్గా కుదురుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు మింట్ యాప్‌లో ఆటో రెన్యూవల్ ఆపించండి, లేకపోతే పిల్లల కార్డు మీద మరో మూడు నెలలకు కోస్తారు. హైదరాబాద్‌లో దిగాక డేటా సిమ్‌ను ఇండియా నంబర్‌కు మార్చి, కాల్స్‌కూ అదే ఎంచుకోండి. నెట్ వస్తోందని చూసుకున్నాకే అమెరికా ఈ-సిమ్ తీసేయండి. తీసేటప్పుడు స్క్రీన్ మీద నంబర్ రెండుసార్లు చదవండి, జాబితాలో రెండు సిమ్‌లూ పక్కపక్కనే ఉంటాయి.