బోర్లించిన బిళ్ళలు: నాలుగేళ్ళ ఆట తర్వాత

అమెరికా సైన్యం ఫ్లోరిడాలో సెమినోల్‌లతో, అరిజోనాలో అపాచీలతో (ఇద్దరూ అక్కడి మూలవాసులు) చేసిన యుద్ధాలను టేబుల్ మీద చిన్న బొమ్మలతో ఆడుకునే ఆటకు ఇది రూల్‌బుక్. కొని నాలుగేళ్ళయింది. ఇప్పటికీ దీన్ని అల్మారాలోంచి తీస్తున్నానంటే ఒక్కటే కారణం, బోర్లించిన బిళ్ళలు. ఆట మొదట్లో సెమినోల్ యోధులనుగానీ అపాచీలనుగానీ బొమ్మలుగా టేబుల్ మీద పెట్టం. గుండ్రటి అట్ట బిళ్ళలు బోర్లించి పెడతాం. కొన్నిటి కింద ఒక దళం ఉంటుంది, కొన్నిటి కింద ఏమీ ఉండదు. సైనికులు దగ్గరికొచ్చి, పాచిక వేసి కనిపెడితేనే బిళ్ళ తిప్పాలి. ఇలాంటి పద్ధతి వేరే రూల్స్‌లోనూ ఉంది. కానీ ఇందులో ఎంత దగ్గరికి వస్తే బయటపడతారన్నది చెట్టుకో లెక్క, పొదకో లెక్క, రాతికో లెక్క. ఈ యుద్ధాల ఆయువుపట్టు అక్కడే ఉంది.

మేముండేది ఫ్లోరిడాలోని టాంపాలో. 1835 డిసెంబర్‌లో అమెరికా సైన్యానికి చెందిన మేజర్ ఫ్రాన్సిస్ డేడ్ సుమారు 110 మందితో బయల్దేరిన ఫోర్ట్ బ్రూక్ ఇప్పటి మా డౌన్‌టౌన్‌లోనే ఉండేది. ఆయన వెళ్ళాల్సిన ఫోర్ట్ కింగ్‌ కోటకి చేరలేదు. డిసెంబర్ 28న, ఇప్పటి బుష్‌నెల్ దగ్గర, పామెట్టో అనే పొట్టి తాటిజాతి పొదల్లో కాచుకున్న సెమినోల్‌లు మొదటి కాల్పుల్లోనే ఆయన్ని పడగొట్టారు. సాయంత్రానికి ఆ దళంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ చోటు మా ఇంటి నుంచి గంట ప్రయాణం. మా అబ్బాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. అక్కడి పార్కులో ప్రతి బోర్డూ చదివి వచ్చాడు, ఆ రాత్రే ఆట పెట్టమన్నాడు.

వాడు సైన్యం, నేను సెమినోల్‌లు. పెద్ద దాడి జరిగే ప్రమాదం దాటిపోయిందనుకుని డేడ్ ఆ ఉదయం దారికి పక్కల కాపలా మనుషుల్ని పెట్టలేదని వాడికి తెలుసు. అందుకని మొదటి టర్న్‌లోనే ఎనిమిది మందిని ఎడమవైపు పొదల్లోకి పంపాడు. రెండు టర్న్‌ల తర్వాత ఒక బిళ్ళ దగ్గరికి చేరి పాచిక వేశాడు. తిప్పితే ఖాళీ. ఇంకో టర్న్‌లో రెండోది. అదీ ఖాళీనే. మూడోదాని వరకూ పోలేదు. "ఎడమవైపు ఎవరూ లేరు నాన్నా" అని ఆ ఎనిమిది మందినీ దారి మీదికి వెనక్కి పిలిచేశాడు. మూడో బిళ్ళ కింద సెమినోల్ నాయకుడు మికనోపి ఉన్నాడు.

నా చేతులు నిజంగానే వణికాయి. డేడ్ పొరపాటు వాడికి ముందే తెలుసు, అది చేయకూడదనే బయల్దేరాడు, ఇంకో దారిలో సరిగ్గా అక్కడికే వచ్చాడు. ఆ రోజు చలికి సైనికులు తూటాల పెట్టెల మీదుగా ఓవర్‌కోట్లు తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నారు. అందుకే ఆటలోనూ సెమినోల్‌లు కాల్పులు మొదలుపెట్టిన టర్న్‌లో వాళ్ళు తిరిగి కాల్చలేరు. మావాడు ఆ ఒక్క టర్న్ కుర్చీలో ఊరికే కూర్చుని చూడాల్సి వచ్చింది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఈసారి నేను సెమినోల్" అన్నాడు.

ఆ ఉత్సాహంలో మొదటి ఏడాది కనిపించిన వాళ్ళందరికీ ఈ రూల్స్ రెండు యుద్ధాలకూ సరిగ్గా సరిపోతాయని చెప్పాను. ఫ్లోరిడా వరకు ఇప్పటికీ అదే మాట. ఒకిచోబీ సరస్సు యుద్ధం కోసం కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ కోసి సాగ్రాస్ అనే రంపపు అంచుల గడ్డి మైదానం చేశాను, బిళ్ళలు అందులో అద్భుతంగా దాక్కుంటాయి. అరిజోనా విషయంలో మాత్రం అప్పటి మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి.

అరిజోనాలోని అపాచీ పాస్ అనే కనుమలో జరిగిన యుద్ధం ఆడిన రోజు అర్థమైంది. 1862 జూలైలో కెప్టెన్ రాబర్ట్స్ కాలిఫోర్నియా సైనికులు సుమారు 40 మైళ్ళు నడిచి, దాహంతో ఆ కనుమకు చేరారు. నీటి ఊట పైనున్న గుట్టల మీద అపాచీ నాయకులు కొచీస్, మాంగస్ కొలరాడస్‌ల మనుషులు రాళ్ళు పేర్చుకుని కాచుకున్నారు. తుపాకులతో వాళ్ళని కదిలించడం కుదరలేదు. రెండు హోవిట్జర్ ఫిరంగులు గుట్టల మీదికి గుండ్లు వేశాకే సైనికులకు నీళ్ళు దొరికాయి. ఆ యుద్ధంలో అసలు సంగతి ఇదే.

ఓర్లాండో నుంచి వచ్చిన మిత్రుడు అపాచీలు తీసుకున్నాడు. నావి ఫిరంగులు. కనిపెట్టని బిళ్ళ మీద కాల్చకూడదని రూల్. గుట్ట మీద రాళ్ళ వెనక ఉన్న బిళ్ళను కనిపెట్టాలంటే దాదాపు దాని నెత్తి మీదికి పోవాలి. దాంతో నా హోవిట్జర్లు ఆరు టర్న్‌లు ఒక్క గుండు కూడా వేయలేదు. మనుషులేమో ఊట వైపు పోయి ఒక్కొక్కరే పడిపోయారు. రెండున్నర గంటల ఆట. మూడు వారాలు కూర్చుని రంగులు వేసిన ఫిరంగులు మూలన ఊరికే నిలబడ్డాయి. మిత్రుడికి కూడా ఆ గెలుపు రుచించలేదు. నాకు బాగా కోపం వచ్చింది. ఆ కోపం ఓడిపోయినందుకు కాదు. అక్కడ జరిగిన అసలు సంగతి జరగడానికే ఆ పేజీ వీలివ్వలేదు.

ఇప్పుడు మేము ఇలా ఆడుతున్నాం. ఫిరంగి ఏ బిళ్ళ మీదికైనా కాల్చవచ్చు. కింద మనుషులున్నా లేకపోయినా అపాచీ ఆటగాడు అరచెయ్యి అడ్డం పెట్టుకుని పాచిక వేస్తాడు. మనుషులున్న చోట పాచిక తక్కువ పడితే బిళ్ళను బోర్లించే ఉంచి గుట్ట వెనక్కి జరుపుతాడు. ఖాళీ బిళ్ళనైతే తన ఇష్టం, జరపవచ్చు, ఉంచవచ్చు. గుట్టు బయటపడదు, ఫిరంగికీ విలువ ఉంటుంది. దీన్ని నాలుగుసార్లు ఆడాం, మూడుసార్లు ఆట చివరిదాకా బిగువుగా నడిచింది.

ఒక్క కార్డు మాత్రం పెట్టెలోంచి తీసేశాను. 'సంధి చర్చలు' అని పేరు. చర్చలకు వచ్చిన నాయకుణ్ణి పట్టుకుంటే దాని ప్రకారం పాయింట్లు. 1837లో సెమినోల్ నాయకుడు ఓసియోలాను తెల్లజెండా కింద అలాగే పట్టుకుని సెయింట్ అగస్టీన్‌లోని ఫోర్ట్ మారియన్‌లో పెట్టారు. 1886లో చిరికావా అపాచీల్ని, ఆడవాళ్ళు పిల్లలతో సహా, రైళ్ళలో తెచ్చింది కూడా ఆ కోటకే. దాని గోడల మధ్య నిలబడి వచ్చాక ఆ కార్డుకు పాయింట్లు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు.

కొనమంటానా అంటే, ఇంట్లోనో దగ్గర్లోనో ఎదురుగా కూర్చునే మనిషి ఉంటే కొనమనే అంటాను. ఫ్లోరిడా ఆటలైతే పుస్తకంలో ఉన్నట్టే ఆడుకోవచ్చు, అరిజోనాకు ఫిరంగి రూల్ మార్చుకోవాలి. ఒంటరిగా ఆడేవాళ్ళకు గట్టిగా చెప్పలేను. పుస్తకం చివర ఒంటరి ఆటకు రెండు పేజీలున్నాయి, నేను రెండుసార్లే ప్రయత్నించాను. బిళ్ళలు నా చేత్తో నేనే బోర్లించినప్పుడు ఆ వణుకు రాలేదు. ఆగస్టులో మావాడు చదువుకు గేన్స్‌విల్ వెళ్తున్నాడు. సెమినోల్ బిళ్ళల డబ్బా తన దగ్గరే ఉంచుకుంటానని అడిగాడు, ఇచ్చేశాను.