హెర్మయొనీ, మిల్‌డ్రెడ్, టిఫనీ: పాపకి ముందు ఎవరు?

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకం మాత్రం ఇంగ్లీషు. ఎనిమిదో తొమ్మిదో ఏడు వచ్చి సొంతంగా చదవడం మొదలుపెట్టిన ఆడపిల్లకి పుట్టినరోజు కానుకగా ఎక్కువమంది తెచ్చేది హారీ పోటర్ మొదటి భాగమే. అలా హెర్మయొనీ గ్రేంజర్ మన పిల్లలకి పరిచయమయ్యే మొదటి చిన్నారి మంత్రగత్తె అవుతోంది. హెర్మయొనీ అంటే నాకు చాలా ఇష్టం. కానీ మొదట ఇవ్వాల్సింది ఆ పుస్తకం కాదని నా గట్టి అభిప్రాయం.

మంత్రాలు తెలిసిన ఆడపిల్లే కథకి నాయిక కావడం మా తరానికి అలవాటు లేదు. ఈ ఊళ్ళోనే 1947లో మొదలైన 'చందమామ'లో నేను చదివిన మంత్రగత్తెలు చాలావరకు ముసలివాళ్ళు, దుష్టులు. 1951 నాటి 'పాతాళభైరవి'లో మంత్రం నేపాళ మాంత్రికుడిది, సాహసం తోటరాముడిది. రాజకుమారి పని ఎదురుచూడటమే. అందుకే ఇప్పటి పిల్లల చేతికి వచ్చే మొదటి మంత్రగత్తె ఎలాంటి పిల్ల అన్నది పట్టించుకోవలసిన విషయం అనిపిస్తుంది నాకు.

హెర్మయొనీతోనే మొదలుపెడదాం. 1997 నుంచి 2007 దాకా వచ్చిన ఏడు పుస్తకాల్లో, బడికి వెళ్ళినన్నాళ్ళూ క్లాస్ ఫస్ట్ దాదాపు ఎప్పుడూ ఆమెదే. అమ్మానాన్నలు పళ్ళ డాక్టర్లు, ఇంట్లో మంత్రాల వాసనే లేదు. మంత్రాల బడి తెరవకముందే పాఠ్యపుస్తకాలన్నీ బట్టీపట్టి వస్తుంది. మూడో పుస్తకంలో (1999) ఒక పరీక్ష ఉంటుంది. ఎదుటివాళ్ళు దేనికి ఎక్కువ భయపడతారో ఆ రూపం ఎత్తే బోగర్ట్ అనే జీవిని ఎదుర్కోవాలి. హెర్మయొనీ ఎదుట అది హెడ్‌మాస్టరు తర్వాతి స్థానంలో ఉన్న మెక్‌గోనగల్ టీచర్ రూపంలో వచ్చి, 'నువ్వు అన్నిట్లోనూ ఫెయిల్' అంటుంది. పిల్ల కేకలు పెడుతూ బయటికి పరిగెత్తుకొస్తుంది. చదివేవాళ్ళు నవ్వుకోవాలనే రాసిన చోటు అది. మా అక్క కూతురు మాత్రం నవ్వలేదు. "పిన్నీ, మా క్లాసులో సగం మందికి ఇదే వస్తుంది" అంది.

నా బెంగ అదే. ఆరో క్లాసు నుంచే ఫౌండేషన్ కోచింగ్ మొదలయ్యే ఊరు ఇది. ఫస్ట్ రావాలన్న పాఠం పిల్లలు ఇంట్లోనూ బడిలోనూ రోజూ వింటూనే ఉన్నారు. హెర్మయొనీని తొందరపడి చేతికిస్తే పిల్లలకి ఆమెలో కనిపించేది ఆ మార్కులే. ఆమె అసలు గొప్పతనం తర్వాతి పుస్తకాల్లో ఉంది. అన్ని సబ్జెక్టులూ చదవాలని, కాలాన్ని వెనక్కి తిప్పే యంత్రం మెడలో వేసుకుని ఏడాదంతా నలిగిపోయి, చివరికి దాన్ని తిరిగి ఇచ్చేసి రెండు సబ్జెక్టులు వదిలేస్తుంది. నాలుగో పుస్తకంలో, జీతం లేకుండా చాకిరీ చేసే ఇంటి ఎల్ఫ్‌లనే చిన్న జీవుల కోసం సంఘం పెట్టి, అందరూ ఎగతాళి చేస్తున్నా బ్యాడ్జీలు పట్టుకుని తిరుగుతుంది. ఇవి అర్థం కావాలంటే పదకొండు, పన్నెండేళ్ళయినా రావాలి. పైగా కథ హారీది. హెర్మయొనీ మనసులో ఏముందో హారీ కళ్ళతో చూసి మనం ఊహించుకోవలసిందే.

మిల్‌డ్రెడ్ హబుల్ సంగతి పూర్తిగా వేరు. జిల్ మర్ఫీ బడిలో చదువుకునే రోజుల్లోనే రాయడం మొదలుపెట్టి, 1974లో అచ్చు వేయించిన 'ద వర్స్ట్ విచ్'లో మంత్రగత్తెల బడిలో చదివే నాయిక ఈ పిల్ల. బొమ్మలూ ఆవిడే వేశారు. మిల్‌డ్రెడ్ జడలు ఊడిపోతుంటాయి, బూటు లేసులు నేల మీద ఈడ్చుకుపోతుంటాయి, ఎక్కి ఎగిరే చీపురు గోడకి గుద్దుకుంటుంది. బడిలో పిల్లలందరికీ నల్ల పిల్లికూనలు పంచుతారు. ఈ పిల్ల వంతు వచ్చేసరికి నల్లవి అయిపోయి చారల పిల్లి దక్కుతుంది. చీపురు మీద కూర్చోవడమంటే హడలిపోయే పిల్లి అది! మిల్‌డ్రెడ్ దాన్ని మార్చమని అడగదు, బుజ్జగించి నేర్పించుకుంటుంది. పరీక్షలో నవ్వించే మందుకి బదులు మాయమయ్యే మందు తయారుచేసి తిట్లు తింటుంది. బడిని కాజేయాలని అడవిలో కాచుకున్న ముఠాని నత్తలుగా మార్చేసేది కూడా ఆ పిల్లే. అయితే దాంతో తెలివైనదై పోదు, తర్వాతి పుస్తకంలో మళ్ళీ అవే లేసులు.

అది నాకు బాగా నచ్చే విషయం. వెనక బెంచీ పిల్ల ఉన్నట్టుండి టాపర్ అయ్యే కథలు మనకి బోలెడు. మిల్‌డ్రెడ్ మాత్రం మిల్‌డ్రెడ్‌గానే ఉంటుంది, స్నేహితురాలు మాడ్ ఆ పిల్లని అలాగే ప్రేమిస్తుంది. చిన్న పుస్తకం, పేజీ తిప్పితే బొమ్మ. ఏడెనిమిదేళ్ళ పిల్లకి ఇంతకంటే మంచి మొదటి పుస్తకం నాకు తెలీదు.

ఎగరడమే ముఖ్యం అనుకునే పిల్లకి జపాన్ రచయిత్రి ఎయికో కడోనో రాసిన కికి ఉంది. పదమూడో ఏట నల్లపిల్లిని వెంటబెట్టుకుని కొత్త ఊరు వెళ్ళి, చీపురు మీద సామాన్లు చేరవేసి బతుకుతుంది. హాయిగా చదువుకోవచ్చు.

ఇక నా మనసు పూర్తిగా గెలుచుకున్నది టిఫనీ ఏకింగ్. టెర్రీ ప్రాచెట్ 2003లో రాసిన 'ద వీ ఫ్రీ మెన్'లో తొమ్మిదేళ్ళ పిల్ల. గొర్రెలు కాసుకునే ఇల్లు, పాడి పని టిఫనీదే, వెన్న తీసి జున్ను చేస్తుంది. మంత్రాల బడీ లేదు, మంత్రదండమూ లేదు. ఒకరోజు ఏట్లోంచి పచ్చటి రాక్షసి లేస్తుంది. దాని కళ్ళు సూపు పళ్ళాలంత ఉంటాయని కథల పుస్తకంలో రాసి ఉంది. టిఫనీ ఇంటికెళ్ళి సూపు పళ్ళాన్ని కొలుస్తుంది. ఎనిమిది అంగుళాలు! తర్వాత మిఠాయిల సంచీ ఆశ చూపి తమ్ముణ్ణి ఏటి ఒడ్డున ఎరగా కూర్చోబెట్టి, రాక్షసి పైకి లేవగానే పెనంతో మొహం మీద ఒక్కటిస్తుంది.

ఆ కొలవడం దగ్గరే నేను టిఫనీకి దాసోహం అయ్యాను. పుస్తకంలో ఉంది కదా అని నమ్మెయ్యదు, భయం వేసింది కదా అని పారిపోదు. నిఘంటువుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేసింది, అలా చదవకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి. హెర్మయొనీకీ చదువు పిచ్చే, కానీ ఆమెకి టీచర్ మెచ్చుకోవాలి. టిఫనీకి ఆ అవసరం లేదు. దేవకన్యల రాణిని ఎదిరించి తమ్ముణ్ణి వెనక్కి తెచ్చుకుంటే ఆ పేరు జమీందారు కొడుక్కి వెళ్ళిపోతుంది. ఒళ్ళు మండుతుంది, అయినా మర్నాడు పాడి పని పాడిదే. రెండో పుస్తకం నుంచి ఈ లోకంలో మంత్రగత్తెలు నిజంగా చేసే పని తెలుస్తుంది: మంచాన పడ్డ ముసలివాళ్ళని చూసుకోవడం, పురుళ్ళు పొయ్యడం, దిక్కులేనివాళ్ళ గడప తొక్కి బాగున్నారా అని అడగడం. మా అమ్మమ్మ ఊళ్ళో ఈ పనులన్నీ చేసే ఆవిడ ఉండేది, ఆవిడ గురించి ఎవరూ కథ రాయలేదు.

టిఫనీతో ఇబ్బందీ ఉంది. ఆరంగుళాల నీలిరంగు మనుషులు ఫీగిల్స్ మాట్లాడేది స్కాట్లాండ్ యాస. మన పిల్లలకి ఒక్క ముక్క ఎక్కదు. ఒంటరిగా చదవమంటే మూడో పేజీలో మూసేస్తారు. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని గట్టిగా చదవాలి. నేను ఫీగిల్స్ మాటల్ని మా నెల్లూరు యాసలో చెప్పేశాను, ఆ తర్వాత పుస్తకం నా చేతిలోంచి లాక్కున్నారు.

కాబట్టి నన్నడిగితే ఏడెనిమిదేళ్ళకి మిల్‌డ్రెడ్, పదేళ్ళు వచ్చాక పెద్దవాళ్ళ తోడుతో టిఫనీ. హెర్మయొనీ కోసం ఎవరూ వెతకక్కర్లేదు, స్నేహితుల చేతుల్లోంచి ఎలాగూ వచ్చేస్తుంది. టిఫనీ పుస్తకాలు అయిదూ ఒకేసారి కొనిచ్చేవాళ్ళు మాత్రం నాలుగోదాన్ని పైన దాచండి. 2010లో వచ్చిన 'ఐ షల్ వేర్ మిడ్‌నైట్' మొదట్లోనే గర్భంతో ఉన్న పదమూడేళ్ళ పిల్లని కన్నతండ్రి చావగొట్టిన సంఘటన ఉంది. దాన్ని ముందు మీరు చదివి, పాపకి పద్నాలుగో పదిహేనో వచ్చాక ఇవ్వండి.