కంపాక్టర్‌తో తొమ్మిదేళ్లు: పాత వాల్యూములకు సరే, వస్తున్న జర్నల్స్‌కి వద్దు

విశాఖలో, బీచ్‌కి నడిచిపోయేంత దగ్గర్లో ఉన్న ఓ కాలేజీ లైబ్రరీలో పీరియాడికల్స్ సెక్షన్ చూస్తాను. చక్రం తిప్పితే పట్టాల మీద జరిగి ఒకదానికొకటి ఆనుకునే పుస్తకాల బీరువాల వరస, అంటే కంపాక్టర్ కొని తొమ్మిదేళ్లయింది. కొందామనుకుంటున్న లైబ్రేరియన్లు తరచూ అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా.

మాకా ఆలోచన వచ్చింది హుద్‌హుద్ తుఫాను వల్ల. 2014 అక్టోబర్ 12న మొదటి అంతస్తులో సముద్రం వైపు అద్దాలన్నీ పగిలి బౌండ్ వాల్యూములు, అంటే సంచికలు కలిపి బైండు చేసినవి, తడిసిపోయాయి. మామూలు కాగితం ఫ్యాన్ల కింద ఆరింది. నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్ మీద అచ్చయిన సైన్స్ జర్నల్స్ మాత్రం ఇటుకల్లా బిగుసుకుపోయాయి. విడదీయబోతే బొమ్మలు పక్క పేజీకి అంటుకుని ఊడొచ్చాయి. పాత సంచికలకు కిటికీల్లేని గది కావాలనుకున్నాం. ఉన్నదేమో చిన్న గది. అందుకే కంపాక్టర్.

దాన్ని మళ్లీ పైనే పెడదామన్నారు కొందరు. ఇంజనీరు గారు ససేమిరా అన్నారు. తరగతి గదికి చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల (సుమారు 300 కిలోల) బరువు లెక్కేస్తారట, మామూలు పుస్తకాల ర్యాకులకు 6. కంపాక్టర్‌లో మధ్య దారులు కూడా పుస్తకాలతో నిండిపోతాయి, బరువు ఇంకా పెరుగుతుంది. నేల అంతస్తులోనే బిగించాం. ఆ మాట విన్నందుకు ఈనాటికీ సంతోషం.

చోటు విషయంలో వంక పెట్టలేను. అదే గదిలో దాదాపు రెట్టింపు పట్టాయి. తంటా అంతా ఉప్పుగాలితోనే. మొదట్లో చక్రం ఒక్క చేత్తో తిరిగేది. మూడో వర్షాకాలానికి పట్టాల గాడిలో తుప్పూ దుమ్మూ చేరి, "ఈ బండి నావల్ల కాదమ్మా" అనేశాడు అటెండరు. ఇప్పుడు నెలనెలా గాడి దులిపి గ్రీజు పెట్టిస్తున్నా. ఎప్పుడూ మూసే ఉంచితే బూజు వాసన కూడా వస్తుంది. శనివారం సాయంత్రం బీరువాల మధ్య జానెడు సందు వదిలి వెళ్తాం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం మరీ చేటు, చెమ్మ పడుతుంది.

పెద్ద తప్పు నాదే. ఆగిపోయినవీ వస్తున్నవీ కలిపి, ఇంగ్లీషు అక్షర క్రమంలో సందు లేకుండా సర్దేశాను. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ వారం వారం వస్తుంది. దాని కొత్త వాల్యూములకు చోటు చేయడానికి ఇ నుంచి జెడ్ దాకా మొత్తం జరపాల్సొచ్చింది, నాలుగు రోజుల పని. 'భారతి' సాహిత్య మాసపత్రిక 1924లో మొదలై 1991లో ఆగిపోయింది. ఆ అర ఇక పెరగదు, ఎంత కుక్కినా ఫర్వాలేదు. ఇప్పుడు ఆగిపోయినవన్నీ ఒక పక్కకి తెచ్చాను. వస్తున్న ప్రతి టైటిల్ పక్కనా ఖాళీ ఉంచాను.

ఇంకోటి: ఒకసారికి ఒక్క దారే తెరుచుకుంటుంది. ప్రాజెక్టు రిపోర్టుల సీజన్లో ముగ్గురు పిల్లలు మూడు దారులడిగితే ఇద్దరు నిలబడాల్సిందే. లైబ్రరీలకు ఐదు సూత్రాలు చెప్పిన రంగనాథన్ గారి నాలుగో సూత్రం, పాఠకుడి సమయం ఆదా చెయ్యమన్నది, అప్పుడు గుచ్చుకుంటుంది. అందుకే ఈ ఏటి విడి సంచికలూ, గత రెండేళ్ల వాల్యూములూ రీడింగ్ రూములోనే తెరిచిన ర్యాకుల్లో ఉంచుతున్నాం. కంపాక్టర్లోకి పోయేది ఆ తర్వాతే.

మళ్లీ కొంటారా అంటే కొంటాను, చేతి చక్రానిదే. కరెంటు పోతే మోటారుది తెరుచుకోదన్న భయం నాకింకా ఉంది. నేల అంతస్తు కదా, నీళ్లొస్తాయేమోనని అట్టడుగు అర మాత్రం ఖాళీగా వదిలేశాను. ప్రిన్సిపాల్ గారు వచ్చినప్పుడల్లా "అక్కడ బోలెడు చోటుంది కదమ్మా" అంటూనే ఉంటారు.