ట్యూబ్ ఆంప్‌కి బయాస్ ప్రోబ్‌ల జత: హాట్ రాడ్ డీలక్స్ మీద పెట్టి చూస్తే

గిటార్ ఆంప్‌లో స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబ్‌కీ సాకెట్‌కీ మధ్య దూర్చే ఎనిమిది పిన్నుల ప్రోబ్‌లు రెండు, మన మల్టీమీటర్‌కి తగిలించే తీగలు. బయాస్ అంటే ఏమీ వాయించనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంటు పారాలో సర్దే అమరిక, ఇవి కొలిచేది దాన్నే. ఈ రివ్యూ ఆ మామూలు రకం గురించే. లోపల ఉన్నదల్లా కాథోడ్ (ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు బయల్దేరే భాగం) దారిలో, అంటే 8వ పిన్నుకి, 1 ఓమ్ రెసిస్టర్. మీటర్‌లో ఎన్ని మిల్లీవోల్టులు కనిపిస్తే ట్యూబ్‌లో అన్ని మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు.

ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్‌లో బయాస్ చూడటానికి బోర్డు మీద టీపీ30 అనే చోటు ముందే ఉంది. అక్కడ 60 మిల్లీవోల్టులు పెట్టమంటుంది కంపెనీ. మరి ప్రోబ్‌లు ఎందుకు? ఆ 60 రెండు ట్యూబ్‌లదీ కలిపి. 30, 30 ఉన్నా అరవయ్యే, 42, 18 ఉన్నా అరవయ్యే. రెండో సందర్భంలో హమ్ (గుయ్‌మనే చప్పుడు) పెరుగుతుంది, ఒక ట్యూబ్ ముందే అరిగిపోతుంది, అయినా టీపీ30 దగ్గర అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఈ జత కొనడానికి అసలు కారణం ఇదే: ఏ ట్యూబ్ లెక్క దానిది.

వాడే పద్ధతి తేలిక. ఆంప్ ఆపి, ట్యూబ్‌లు చల్లారాక ప్రోబ్‌లు బిగించాలి. స్పీకర్ తీగ తీయకూడదు, వాల్యూమ్ సున్నాలో ఉండాలి. కొత్త ట్యూబ్‌లైతే ముందు బయాస్ పాట్‌ని (బయాస్ సర్దే చిన్న మరని) కరెంటు తగ్గే వైపు తిప్పి ఉంచడం మంచిది. స్టాండ్‌బై స్విచ్ తీసి ట్యూబ్‌లకి పూర్తి వోల్టేజ్ ఇచ్చాక అయిదు నిమిషాలు ఆగి చూడండి, సర్దిన తర్వాత మరో పది నిమిషాలకి మళ్ళీ చూడండి. మొదటి నిమిషంలో వచ్చే అంకెని నమ్మొద్దు.

ఈ రకం ప్రోబ్ చూపించనిది ప్లేట్ వోల్టేజ్, అంటే ఎలక్ట్రాన్లు చేరే ప్లేట్ అనే భాగం దగ్గరి వోల్టేజ్. అది లేకుండా వాట్ల లెక్క తేలదు. ఈ ఆంప్‌లో అది సుమారు 420 వోల్టులు. 30 మిల్లీఆంపియర్లతో గుణిస్తే 12.6 వాట్లు, అంటే ఈ ఆంప్‌లోని 6ఎల్6జీసీ ట్యూబ్ తట్టుకునే 30 వాట్లలో 42 శాతమే. కంపెనీ అమరిక చల్లగా ఉంటుందని వాయించేవాళ్ళు అనేది ఇందుకే. ట్యూబ్‌కి 35 మిల్లీఆంపియర్ల దాకా పెంచితే మెల్లగా వాయించినప్పుడు వినిపించే గరుకుదనం తగ్గుతుంది. ఆ 30 వాట్లలో అందరూ చెప్పే 70 శాతం దాటకూడని గీత మాత్రమే, అక్కడికి చేరి తీరాలని లేదు. కరెంటు పెంచితే ప్లేట్ వోల్టేజ్ కాస్త దిగుతుంది కాబట్టి రెండూ మళ్ళీ కొలవాలి. ప్రోబ్ అంకెలో స్క్రీన్ (ట్యూబ్‌లోనే ఉండే మరో భాగం) తీసుకునే కరెంటు కూడా కలిసి ఉంటుంది. అంటే ప్లేట్ మీద అసలు భారం మన లెక్కకన్నా కొంచెం తక్కువే.

ఆ వోల్టేజ్‌ని 3వ పిన్ను దగ్గర కొలవాలంటే ఛాసిస్ తెరవాలి. 420 వోల్టులు ప్రాణం తీస్తాయి, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. అలవాటు లేనివాళ్ళు డబ్బు కాస్త ఎక్కువైనా ప్లేట్ వోల్టేజ్ కూడా చూపించే రకమే తీసుకోవాలి. మన ఇళ్ళలో సరఫరా 230 వోల్టుల నుంచి 245కి ఎగబాకితే ప్లేట్ వోల్టేజ్ కూడా అదే పాళ్ళలో పెరుగుతుంది. గోడ సాకెట్ దగ్గర ఎంతుందో చూసి రాసుకున్నాకే బయాస్ ముట్టుకోండి.

లోపాలు పట్టుకోవడంలో ఈ జత నిజంగా గొప్పది. ఒకటి 40, ఇంకొకటి 22 చూపిస్తే ఆంప్ ఆపి ట్యూబ్‌లు అటూ ఇటూ మార్చండి. 40 ట్యూబ్‌తో పాటు వెళ్తే జత కుదరని ట్యూబ్‌లు. పాత సాకెట్‌లోనే ఉండిపోతే కప్లింగ్ కెపాసిటర్ (ముందు దశ నుంచి సిగ్నల్‌ని పంపేది) లీకవుతోందేమో, గ్రిడ్‌కి (ట్యూబ్‌లో కరెంటుని అదుపు చేసే భాగానికి) నెగెటివ్ వోల్టేజ్ సరిగా అందుతోందో లేదో చూడాలి. సున్నా వస్తే వదులైన సాకెట్ పిన్నుని, కాలిపోయిన స్క్రీన్ రెసిస్టర్‌ని అనుమానించండి. అంకె ఆగకుండా పైకి పోతుంటే వెంటనే ఆపేయాలి, ప్లేట్ ఎర్రబడేదాకా చూస్తూ కూర్చోకూడదు.

వస్తువులో చికాకులూ ఉన్నాయి. ప్రోబ్ ఎత్తు వల్ల ట్యూబ్ క్లిప్పులు అందవు. ఈ ఆంప్‌లో ట్యూబ్‌లు కిందికి వేలాడతాయి కాబట్టి జారిపడే ప్రమాదం ఉంది. ఆంప్‌ని దుప్పటి మీద తలకిందులుగా నిలబెట్టి కొలవండి. రెసిస్టర్ 1 శాతం ఖచ్చితత్వం గలదో కాదో అమ్మేవాళ్ళని అడగండి. 5 శాతందైతే 40 దగ్గర 2 మిల్లీఆంపియర్ల తేడా వస్తుంది. తీగలు పొడవైతే కొన్ని ఆంప్‌లలో ఆసిలేషన్ (సిగ్నల్ లేకున్నా ఆంప్ తనంతట తానే ఊగడం) వచ్చి అంకె గెంతుతుంది, తీగ జరిపితే మారుతుంది. అలాంటి అంకెని లెక్కలోకి తీసుకోవద్దు.

రెసిస్టర్ లేకుండా, మీటర్‌లోంచే కరెంటు పారే చవక ప్రోబ్‌లు మాత్రం వద్దు. తీగ ఊడినా, మీటర్ ఫ్యూజ్ పోయినా కాథోడ్ దారి తెగి అక్కడ వోల్టేజ్ పైకి ఎక్కుతుంది. 1 ఓమ్ రకంలో మీటర్ తీగ ఊడినా ట్యూబ్‌కి ఏమీ కాదు.

6వీ6, ఈఎల్34, కేటీ88లకీ ఇదే జత సరిపోతుంది. ఈఎల్84కి తొమ్మిది పిన్నుల ప్రోబ్ వేరే కొనాలి.