డాల్మేషియన్ పిల్లను కొన్న దుకాణం గురించి, రెండేళ్ల తరువాత

విజయనగరంలోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో 2023 నవంబరులో 18 వేల రూపాయలకు మేము డాల్మేషియన్ మగ కుక్కపిల్లను కొన్నాము. దుకాణం శుభ్రంగా ఉంది, టీకాల పుస్తకం సక్రమంగా రాసి ఇచ్చారు, అడగకుండానే తల్లి కుక్కను చూపించారు. వీటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే ఈ జాతిని ఇంటికి తెచ్చుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన రెండు సంగతులను వారు మాకు చెప్పలేదు.

మొదటిది వినికిడి. డాల్మేషియన్ పిల్లలు తెల్లగా పుడతాయి. రెండు మూడు వారాలకు గాని మచ్చలు తేలవు. ఆ తెలుపుతో ముడిపడిన జన్యువుల వల్ల కొన్ని పిల్లలకు పుట్టుకతోనే ఒక చెవిగాని, రెండు చెవులుగాని వినిపించవు. నీలికళ్ల పిల్లల్లో ఈ లోపం మరింత ఎక్కువ. మేము వెళ్లిన రోజున పక్క దుకాణం షట్టరు పెద్ద చప్పుడుతో దిగితే ఐదు పిల్లలు ఉలిక్కిపడి లేచాయి. నీలికళ్ల పిల్ల మాత్రం గోనెసంచి మీద పడుకున్నది పడుకున్నట్టే ఉంది. అది నిద్రమొద్దు అని యజమాని నవ్వేశారు. దానిని కొన్నవారికి ఎవరైనా నిజం చెప్పారో లేదోనని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒక్క చెవి మాత్రమే వినిపించని పిల్లను ఇలాంటి చప్పుళ్లతో గుర్తించలేము. దానికి శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బేర్ (BAER) అనే వినికిడి పరీక్ష చేయించవలసిందే.

రెండవది మూత్రం. మిగతా కుక్కల్లో యూరిక్ ఆమ్లం చాలావరకు కాలేయంలో తేలికగా కరిగే పదార్థంగా మారిపోతుంది. డాల్మేషియన్‌లో జన్యులోపం వల్ల ఆ మార్పు సరిగా జరగక, ఆమ్లం మూత్రంలోకి ఎక్కువగా చేరి, కొన్నింటిలో రాళ్లు కడుతుంది. మగకుక్కల మూత్రనాళం సన్నగా ఉంటుంది కనుక అడ్డుపడితే ప్రాణాపాయమే. ఇంత సున్నితమైన జాతికి ఆ దుకాణంవారు ఇచ్చిన ఆహారపు కాగితం, ల్యాబ్రడార్ కొన్నవారికి ఇచ్చినదే. అందులో కోడి కార్జం, ఎండు నెత్తళ్లు వారానికి మూడుసార్లు పెట్టమని ఉంది. యూరిక్ ఆమ్లంగా మారే ప్యూరిన్లు ఆ రెండింటిలోనూ దండిగా ఉంటాయి. మేము ఏడాదికి పైగా ఆ కాగితాన్నే నమ్మాము.

2025 ఫిబ్రవరిలో ఒక ఉదయం మా చుక్కన్న గేటు దగ్గర కాలెత్తి, నాలుగు చుక్కలు రాల్చి, రెండడుగులు వేసి మళ్లీ కాలెత్తడం చూశాను. గచ్చు మీద తడి ఆరిన చోట ఆవపిండి రంగులో సన్నని ఇసుక మిగిలింది. వెంటనే విశాఖపట్నం తీసుకువెళ్లాము. ఈ రకం రాళ్లు ఎక్స్‌రేలో తరచుగా కనబడవు, అల్ట్రాసౌండ్‌లో బయటపడ్డాయి. అదృష్టవశాత్తు నాళం పూర్తిగా మూసుకుపోలేదు.

ఇప్పుడు డాక్టరు గారు చెప్పిన ప్రకారం కార్జం, నెత్తళ్లు పూర్తిగా మాని, గుడ్డు, పెరుగన్నం, ఉడికించిన కూరగాయలు పెడుతున్నాము. అన్నంలో నీళ్లు ఎక్కువ కలుపుతాము, రోజుకు ఐదారుసార్లు బయటకు వదులుతాము.

కుక్క స్వభావం మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఒకప్పుడు ఇంగ్లండులో గుర్రపు బండ్ల వెంట మైళ్లకొద్దీ పరుగెత్తిన జాతి కనుక, అయ్యకోనేరు గట్టున తెల్లవారుజామున గంటసేపు తిప్పినా దానికి అలుపు రాదు. మా అమ్మాయి బడి నుంచి వచ్చేవరకు గుమ్మంలోనే కాచుకుని ఉంటుంది. మరీ చిన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం దాని ఉత్సాహానికి పిల్లలు కిందపడే ప్రమాదం ఉంది. తెల్ల వెంట్రుకలు ఏడాది పొడవునా రాలుతూనే ఉంటాయి. రబ్బరు బ్రష్షుతో రోజూ దువ్వవలసి ఉంటుంది.

గొలుసులు, మందు సబ్బులు నేను ఇప్పటికీ ఆ దుకాణంలోనే కొంటున్నాను, సరుకు మంచిది. డాల్మేషియన్ పిల్లను మాత్రం వినికిడి పరీక్ష కాగితం చూపనిదే అక్కడ కొనవద్దని అడిగినవారందరికీ చెబుతున్నాను. గత నెల వెళ్లినప్పుడు ఆ ఆహారపు కాగితంలో కార్జం ఉన్న వరుసను యజమానికి చూపించి, డాల్మేషియన్‌కు వేరే కాగితం అచ్చు వేయించమని కోరాను. వేయిస్తామన్నారు, ఆ కాగితం ఇంకా రాలేదు.