ఏడు తత్త్వాలు, ఎనిమిది ఆదివారాలు: తిరుపతిలో ఒక దివ్యజ్ఞాన అధ్యయన తరగతి

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇంటి మేడ మీద ఆదివారం ఉదయం 7 గంటల నుంచి 9 గంటల వరకు, 8 వారాల పాటు సాగిన దివ్యజ్ఞాన (థియోసఫీ) అధ్యయన తరగతికి నేను జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా ఒక్క రోజు కూడా మానకుండా వెళ్లాను. తరగతి విషయం మానవుని సప్తతత్త్వ నిర్మాణం, ఆత్మ స్వరూపం. రుసుము 600 రూపాయలు. స్పైరల్ బైండింగ్ చేసిన 70 పేజీల నోట్సు కూడా అందులోనే ఇచ్చారు. చెప్పినవారు పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలు, విన్నవాళ్లం 14 మందిమి. ఇలాంటి తరగతికి డబ్బు కట్టి వెళ్లవచ్చునా అని అడిగేవారికి నా జవాబు, తప్పకుండా వెళ్లవచ్చునని. అయితే తెలుగువారికి తెలుగులో చెప్పిన ఈ పాఠంలో రెండు పెద్ద లోపాలు ఉన్నాయి. పైపైన వినేవారికి అవి కనిపించవు. శ్రద్ధగా వినేవారిని మాత్రం బాగా ఇబ్బంది పెడతాయి.

నేను ఎందుకు చేరానో ముందు చెప్పాలి. నిరుడు మా అమ్మ పోయింది. పన్నెండో రోజు సపిండీకరణంలో, అంతవరకు ప్రేత అని పిలిచిన అమ్మను పితృదేవతల్లో కలుపుతూ పురోహితులు మంత్రం మార్చినప్పుడు, మారింది ఎవరు, వదిలిపోయింది ఏది, మిగిలింది ఏది అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ని కాబట్టి పంచకోశాలు, మూడు శరీరాలు వంటి మాటలు నాకు కొత్త కావు. మాటలు తెలిసి ఉండటం వేరు, వాటిని ఒక వరుసలో పెట్టి ఒక మనిషి విషయంలో ఆలోచించగలగడం వేరు. ఆ వరుస కోసమే వెళ్లాను.

చరిత్రను మేడం మొదటి వారంలో అరగంటలో ముగించడం నాకు నచ్చింది. 1875లో న్యూయార్క్‌లో హెలెనా బ్లావట్‌స్కీ, హెన్రీ ఆల్కాట్, విలియం జడ్జి మొదలైనవారు దివ్యజ్ఞాన సమాజాన్ని స్థాపించడం, 1882లో దాని కేంద్రం మద్రాసులోని అడయారుకు చేరడం, 1907లో అనీ బిసెంట్ అధ్యక్షురాలు కావడం వరకు చెప్పి, మదనపల్లెలో 1915లో బిసెంట్ పేరిట వెలిసిన కళాశాలను, అదే ఊళ్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని తలచుకొని నేరుగా విషయంలోకి వచ్చారు. మదనపల్లె నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చే ఒక పెద్దాయన కృష్ణమూర్తి గురించి ఇంకా చెప్పమన్నారు కానీ, 1929లో తన కోసం ఏర్పడిన సంఘాన్ని తానే రద్దు చేసిన వ్యక్తి కథ ఈ పాఠంలో ఇమడదని మేడం మర్యాదగానే పక్కన పెట్టారు.

ఇక అసలు పాఠం. నల్లబల్ల మీద ఒక చతురస్రం, దాని నెత్తిన ఒక త్రిభుజం గీశారు. కింది నాలుగు గీతలు స్థూల శరీరం, దానికి అచ్చు వంటి లింగ శరీరం, ఆ రెండింటిలో కదిలే ప్రాణం, కోరికలూ కోపతాపాలూ నిలిచే కామరూపం. పైన మూడు గీతలు మనస్సు, బుద్ధి, ఆత్మ. ఈ జన్మలో మనకున్న పేరు, ఊరు, అలవాట్లు అన్నీ చతురస్రానికి చెందినవి; జన్మ నుంచి జన్మకు సాగే జీవుడు త్రిభుజంలోని వాడు. మనస్సు మాత్రం రెండు వైపులా ముఖం ఉన్నది. కిందికి చూస్తే కోరికతో కలుస్తుంది, పైకి చూస్తే బుద్ధితో కలుస్తుంది. ఆత్మ ఎవరి సొంత ఆస్తీ కాదని, అది అందరిలో ఒక్కటేనని, నా ఆత్మ నీ ఆత్మ అనే మాట ఈ బోధ ప్రకారం చెల్లదని మేడం చెప్పినప్పుడు గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్రాణానికీ, జీవుడికీ, ఆత్మకూ మనం నిత్యం ఒకే మాట వాడేస్తాం. ప్రాణం పోయింది అన్నా, జీవం పోయింది అన్నా, ఆత్మ శాంతించాలి అన్నా మనకు ఒకటే. ఆ మూడింటినీ మూడు చోట్ల నిలబెట్టి చూపడం ఈ తరగతి నాకు చేసిన పెద్ద మేలు.

మూడో వారం మేడం పెరట్లోని చెట్టు నుంచి రెండు చింతకాయలు తెచ్చారు. ఒకటి పచ్చిది, ఒకటి పండినది. పచ్చికాయను నా చేతికిచ్చి పెంకు తీయమన్నారు. గోటితో గీకితే ఆకుపచ్చ పొర గోరులోకి వచ్చింది కానీ, పెంకు ఊడలేదు. లాగితే గుజ్జుతో సహా తెగింది. పండినదాన్ని బొటనవేలితో నొక్కగానే పెంకు టప్పుమని పగిలి రాలిపోయింది, లోపలి పండు పీచుతో సహా చెక్కుచెదరకుండా నిలిచింది. కోరికలు కాయలాగే పచ్చిగా ఉన్నవారికి మరణం తర్వాత కామరూపం నుంచి విడివడటం ఎందుకు ఆలస్యమవుతుందో, పండినవారికి ఎందుకు సులభమో ఆ రెండు కాయలతో చెప్పి, గింజను చూపించి, తర్వాతి చెట్టు దీనిదే, పెంకుది కాదు అన్నారు. ఆ వెంటనే ఈ పోలికను ఎక్కువ దూరం లాగవద్దని కూడా హెచ్చరించారు. ఏడు తత్త్వాలు పెంకు లోపల గుజ్జు, గుజ్జు లోపల గింజ అన్నట్టు పొరలుగా ఉండవట. నీళ్లలో ఉప్పులాగా ఒకదానిలో ఒకటి వ్యాపించి ఉంటాయట. పోలిక చెప్పి, దాని హద్దు కూడా చెప్పగలగడం మంచి ఉపాధ్యాయుల లక్షణం.

మొదటి లోపం మాటలకు సంబంధించినది. ఈ బోధ సంస్కృత పదాలనే వాడుతుంది కానీ, వాటికి మన శాస్త్రాల్లో ఉన్న అర్థాలు వేరు, ఇక్కడి అర్థాలు వేరు. వేదాంతంలో లింగ శరీరం అంటే జ్ఞానేంద్రియాలు 5, కర్మేంద్రియాలు 5, ప్రాణాలు 5, మనస్సు, బుద్ధి కలిసిన 17 అంగాల సూక్ష్మ శరీరం. జన్మాంతరాలకు వెళ్లేది అదే. బ్లావట్‌స్కీ చెప్పిన లింగ శరీరం స్థూల దేహానికి అచ్చు మాత్రమే. అది దేహంతో పాటే శిథిలమవుతుంది. అంటే మనం ప్రయాణికుడు అనుకునేదానికి ఉన్న పేరును ఇక్కడ ప్రయాణంలో తోడు రాని దానికి పెట్టారు. అంతఃకరణం అంటే మనకు మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అనే నాలుగు. ఇక్కడ అది కింది మనస్సుకూ పై మనస్సుకూ నడుమ ఉన్న వంతెన. బుద్ధి అంటే మనకు నిశ్చయించే శక్తి, అది సూక్ష్మ శరీరంలో భాగం. ఇక్కడ అది మనస్సుకు పైనుండి ఆత్మకు వాహనమైన తత్త్వం. ఈ చివరి మాటకు గీత మూడో అధ్యాయంలో ఇంద్రియాల కంటే మనస్సు, మనస్సు కంటే బుద్ధి, బుద్ధి కంటే పైది అతడు అని చెప్పిన 42వ శ్లోకం కొంత అండగా నిలుస్తుంది. మిగిలిన వాటికి అలాంటి అండ దొరకదు. నోట్సులో ఈ తేడాల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. తెలియని భాషలో తెలియని మాట వస్తే మనం ఆగి అడుగుతాం. తెలిసిన మాటే వేరే అర్థంతో వస్తే ఆగకుండా తప్పుదారిలో వెళ్లిపోతాం. నేను మొదటి రెండు వారాలు అలాగే వెళ్లాను.

ఇదే చిక్కు ఆస్ట్రల్ బాడీ అనే మాటతో మరింత పెరిగింది. బ్లావట్‌స్కీ రచనల్లో అది సాధారణంగా లింగ శరీరానికి పేరు. ఆమె 1891లో మరణించిన తర్వాత బిసెంట్, సమాజంలోని మరో రచయిత లెడ్‌బీటర్‌ల రచనల్లో ఆ పేరు కోరికల శరీరానికి మారింది, లింగ శరీరానికి ఈథరిక్ డబుల్ అనే మాట వచ్చింది. నోట్సులో ఒక చోట పాత అర్థం, మరో చోట కొత్త అర్థం ఉన్నాయి. రెండింటికీ తెలుగులో సూక్ష్మ శరీరం అనే రాశారు. మరణం తర్వాత జీవుడు విశ్రమించే స్థితికి వాడే దేవచన్ అనే మాటను దేవ శబ్దం నుంచి వచ్చిందని రాయడం మరో పొరపాటు. అది బౌద్ధుల స్వర్గమైన సుఖావతికి టిబెటన్ భాషలో ఉన్న పేరు.

రెండో లోపం నన్ను నిజంగా బాధించింది. ఈ తరగతిలో తల్లాప్రగడ సుబ్బారావు పేరు ఒక్కసారి కూడా వినిపించలేదు. 1856లో పుట్టి, 34 ఏళ్లు నిండకుండానే 1890లో కన్నుమూసిన ఆ తెలుగు న్యాయవాది, 1886లో అడయారులో భగవద్గీత మీద ఉపన్యసిస్తూ ఏడు తత్త్వాల విభజన సరైనది కాదని, మూడు ఉపాధులు (ఆత్మకు ఆధారమైన తొడుగులు), ఆత్మ అనే నాలుగు భాగాల విభజనే మేలని నిస్సంకోచంగా చెప్పాడు. బ్లావట్‌స్కీ దానికి బదులు రాయడంతో 1887లో ద థియోసాఫిస్ట్ పత్రికలో వాదం నడిచింది. స్థూలోపాధి, సూక్ష్మోపాధి, కారణోపాధి అనే ఆ విభజన మన జాగ్రత్, స్వప్న, సుషుప్తులతో సరిపోతుంది. తారక రాజయోగం పేరిట దాన్ని పంచకోశాల పక్కన, ఏడు తత్త్వాల పక్కన పట్టికగా వేసి బ్లావట్‌స్కీయే 1888 నాటి తన పెద్ద గ్రంథంలో చూపింది. యోగి తన ఉపాధులు మూడింటినీ ప్రాణహాని లేకుండా విడదీసుకోగలడు కానీ, ఏడు తత్త్వాలను విడదీయలేడని కూడా అక్కడే ఒప్పుకుంది. సమాజంలోనే, అంత పెద్ద వేదిక మీదే, ఒక తెలుగువాడు లేవనెత్తిన అభ్యంతరాన్ని తిరుపతిలో తెలుగువారికి చెప్పే పాఠంలో వదిలేయడం ఎలా సమంజసం? పైగా ఆ అభ్యంతరం వింటేనే ఏడు అనే లెక్క ఎందుకు పెట్టారో బాగా అర్థమవుతుంది. 1877లో శరీరం, జీవుడు, ఆత్మ అని మూడుగా చెప్పిన సమాజం వారు 1881 నాటికి ఏడుగా చెప్పడం మొదలుపెట్టారంటే, మరణం తర్వాత ఏది ఎక్కడ రాలిపోతుందో విడమరచి చూపడానికి వారికి ఆ సంఖ్య కావలసి వచ్చిందని నాకు అనిపిస్తుంది.

అయిదో వారంలో శ్రీకాళహస్తి నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఈ తరగతి మొత్తంలో గొప్పది. "మేడం, మనిషికి మాత్రమే పై మనస్సు మేల్కొంటుంది అంటున్నారు కదా, మరి మా ఊళ్లో సాలెపురుగుకూ పాముకూ ఏనుగుకూ సాయుజ్యం ఎట్లా వచ్చింది?" మేడం నవ్వి ఊరుకోలేదు, పురాణం పురాణమే అని తోసేయనూ లేదు. ఆత్మ, బుద్ధి కలిసిన మూలకణం రాతిలో, చెట్టులో, జంతువులో కూడా ఉంటుందని, మనస్సు మేల్కొనడమే మనిషి ప్రత్యేకత అని, ఒకసారి మేల్కొన్న తర్వాత జీవుడు తిరిగి జంతు జన్మకు వెళ్లడని ఈ బోధ చెబుతుందని వివరించారు. లేడిగా పుట్టిన జడభరతుడి కథతో ఇది పొసగదని నేను అన్నప్పుడు, "పొసగదండీ, నిజమే, ఇక్కడ రెండు దారులూ వేరే" అని ఒప్పుకున్నారు. అలా ఒప్పుకోగలిగినవారు మాటల తేడాలను కూడా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మరణానంతర స్థితి మీద ఏడో వారం పాఠం కోసమే నేను వచ్చానని చెప్పవచ్చు. స్థూల దేహం, లింగ శరీరం, ప్రాణం ముందు విడిపోతాయి; జీవుడు కామలోకంలో కొంతకాలం ఉండి కామరూపాన్ని వదిలి, ఆ జన్మలోని ఉత్తమ భావాలతో దేవచన్‌లో విశ్రమిస్తాడు. ఆ విశ్రాంతి 10 నుంచి 15 శతాబ్దాల వరకు ఉంటుందని బ్లావట్‌స్కీ 1889లో ప్రశ్నోత్తరాలుగా రాసిన పుస్తకంలో ఉంది. అక్కడున్న జీవుడికి భూమి మీది దుఃఖం తాకదు. తాను ప్రేమించినవారు తన వెంటే ఉన్నట్టే అనుభవిస్తాడు. ఆత్మలను పిలిపించే సభల్లో పలికేది చాలావరకు జీవుడు కాదని, అతడు వదిలేసిన కామరూపపు డొల్ల అని ఆమె చేసిన హెచ్చరికను మేడం నొక్కి చెప్పారు. శ్రాద్ధకర్మ ఆ జీవుడికి అందుతుందా అని నేను అడిగితే, ఆ ప్రశ్నకు సమాధానం ఈ బోధ నుంచి లాగి చెప్పడం తనకు ఇష్టం లేదన్నారు. ఆ రాత్రి ఇంట్లో అమ్మ పటం ముందు దీపం పెట్టి, ఆమె ఏవేవి వదిలి ఉంటుందో, ఏది వెంట తీసుకుపోయి ఉంటుందో చాలాసేపు ఆలోచించాను. నాకు కావలసినంత మేరకు ప్రశ్న స్పష్టమైంది.

సౌకర్యాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఆలోచించుకోవాలి. చాపల మీద కూర్చోలేనివారికి అయిదారు కుర్చీలున్నాయి. నోట్సులో జిరాక్స్ మసకగా వచ్చిన పేజీలు కొన్ని ఉన్నాయి, అడిగితే మార్చి ఇచ్చారు. సమయపాలన చక్కగా ఉంది.

చివరి ఆదివారం తరగతి ముగిశాక నా అభ్యంతరాలు రెండూ ఒక కాగితం మీద రాసి మేడంకు ఇచ్చాను. ఆమె అక్కడే నిలబడి చదివి, మాటల పట్టిక ఒకటి నోట్సు మొదట్లో చేరుస్తామని, రెండో వారంలో ఒక గంట సుబ్బారావుకు కేటాయిస్తామని అన్నారు. ఆయన గీతోపన్యాసాలకు తెలుగులో ఒక సారాంశం ఉంటే బాగుంటుందనగా, రాసి ఇస్తానని ఒప్పుకున్నాను. తర్వాతి తరగతులు ఆషాఢంలో మొదలవుతాయట. ఇప్పటికి 5 పేజీలు పూర్తయ్యాయి, కారణోపాధి దగ్గర ఆగి ఉన్నాను.