దూలం ఒక్కటే సరిచేయించాలా, ముక్కే చెక్కించాలా?

ముక్కు ఆపరేషన్ అనగానే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు ‘దేవుడిచ్చిన ముక్కును కోయించుకోవడమేమిటి’ అంటారు. తోటివాళ్లు ‘ముందు ఊపిరి సంగతి చూసుకో, అందం సంగతి తర్వాత’ అంటారు. పెద్దవాళ్లకు నచ్చజెప్పడం అంత కష్టమేమీ కాదు. చిక్కంతా రెండో మాటతోనే. వినడానికి బుద్ధిగా ఉంటుంది కానీ, కొందరి విషయంలో అదే ఖరీదైన పొరపాటు.

రెండు ముక్కురంధ్రాలను విడదీసే గోడ ఒకటి లోపల ఉంటుంది. ముందు వైపు మృదులాస్థి, వెనక వైపు పల్చటి ఎముక. ‘దూలం వంకర’ అని డాక్టర్లు మనకు చెప్పేది దీని గురించే. లోపలి నుంచే కోసి ఆ వంకరను సరిచేయడం సెప్టోప్లాస్టీ. బయట మచ్చ పడదు, ముఖం మారదు, వారం పది రోజుల్లో మామూలు పనుల్లో పడవచ్చు. రైనోప్లాస్టీ అలా కాదు. ముక్కు మీది గూనిని అరగదీయడం, చప్పిడి ముక్కును లేపడం, కొనను సవరించడం వంటి పైకి కనిపించే మార్పులన్నీ అందులోకి వస్తాయి. రెండూ కలిపి చేస్తే సెప్టోరైనోప్లాస్టీ.

ఈ మూడింటికన్నా ముందు కత్తితో పని లేని దారి ఒకటుంది. వరంగల్ చుట్టుపక్కల దాన్ని దాటవేయకూడదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య తిరిగేవారికి, పత్తి మిల్లుల్లో పనిచేసేవారికి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దుమ్ములో బతికేవారికి ముక్కు మూసుకుపోతే తప్పు దూలానిదే అయి ఉండనక్కరలేదు. ముక్కు పక్క గోడలకు టర్బినేట్లనే కండలు ఉంటాయి. అలర్జీకి అవి ఉబ్బి దారిని మూసేస్తాయి. ఒకసారి కుడి పక్క, ఇంకోసారి ఎడమ పక్క మూసుకుంటూ ఉంటే అనుమానం వీటి మీదకే వెళ్లాలి. ఎప్పుడూ ఒకే పక్క గాలి ఆడకపోతే దూలం మీదకు. డాక్టర్లు ముక్కు కింద చల్లటి స్టీలు రేకు పట్టి ఊపిరి వదలమంటారు. రేకు మీద పక్కపక్కనే రెండు ఆవిరి మరకలు పడతాయి. గాలి సరిగా ఆడని పక్క మరక చిన్నదిగా ఉండి ముందే ఆరిపోతుంది.

అలర్జీ అయితే ఫ్లుటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు డాక్టరు చెప్పిన మేరకు కొన్ని వారాలపాటు రోజూ వాడి చూడాలి. రెండు రోజులు కొట్టి ‘పనిచేయలేదు’ అని పక్కన పడేయకూడదు. కొట్టేటప్పుడు మొనను మధ్య గోడ వైపు పెట్టకుండా బయటి వైపుకు, అంటే అటు పక్క కంటి దిక్కుకు పెట్టాలి. ఎడమ రంధ్రానికి కుడి చేయి వాడితే అది దానంతటదే కుదురుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కల సంగతి వేరు. వేసిన నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. అయితే నాలుగైదు రోజులు దాటితే మందు దిగగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుంటుంది. నెలల తరబడి జేబులో ఆ సీసాతో తిరిగేవాళ్లు ఆపరేషన్ మాట ఎత్తకముందు డాక్టరు సాయంతో ఆ చుక్కలను వదిలించుకోవాలి.

స్ప్రేతో గుణం లేదు, వంకర ఖాయం, బయటి ముక్కు మీద ఫిర్యాదు లేదు అన్నప్పుడు నా ఓటు సెప్టోప్లాస్టీకే. ఇది ఈఎన్‌టీ వైద్యుల నిత్యపు పని. దీని కోసం హైదరాబాద్ పరుగెత్తనక్కరలేదు, వరంగల్‌లోనే చేయించుకోవచ్చు. పనిలో పనిగా టర్బినేట్ కండలు కూడా తగ్గిస్తామంటే ఎంత మేరకో అడగండి. మరీ ఎక్కువ తీసేస్తే దారి వెడల్పుగా ఉన్నా గాలి ఆడనట్టే అనిపించే బాధ కొందరికి మిగులుతుంది. దానికి చికిత్స కష్టం.

ముక్కు బయట కూడా వంకరగా ఉన్నవారి లెక్క వేరు. పాత బండి ప్రమాదంలోనో కబడ్డీలోనో దెబ్బ తిన్న ముక్కులు చాలావరకు ఈ కోవకే వస్తాయి. ముక్కు పక్కన చెంప మీద వేలు ఆనించి బయటికి కొద్దిగా లాగి చూడండి. గాలి ఒక్కసారిగా ధారాళంగా ఆడితే, ఇరుకు ముక్కు పక్క గోడ దగ్గర, వాల్వ్ అనే చోట ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ ఇరుకు ఉంటే దూలం ఒక్కటే సరిచేసి లాభం లేదు. ఇలాంటివారు ‘ముందు ఊపిరి, తర్వాత అందం’ అని రెండు విడతలు పెట్టుకుంటేనే నష్టం. రైనోప్లాస్టీలో కొనకు ఆధారం నిలపడానికి, వాల్వ్‌ను తెరిచి ఉంచడానికి సర్జన్ మొదట వెతికేది ఆ దూలంలోని మృదులాస్థినే. ముక్కు కుంగకుండా పైన, ముందు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున వదిలి మిగతాది వాడుకుంటారు. మొదటి ఆపరేషన్‌లోనే అది తీసి పారేస్తే, రెండోసారికి ఇంట్లో విత్తనం లేని రైతు పరిస్థితే. చెవి నుంచో పక్కటెముక నుంచో తెచ్చుకోవాలి, కోత ఇంకోచోట పడుతుంది. కాబట్టి రూపం మీద కూడా మనసు ఉంటే ఆ మాట మొదటి రోజే డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడి దాచుకుంటే నష్టపోయేది మనమే.

ఈ జంట ఆపరేషన్‌కు, అంటే సెప్టోరైనోప్లాస్టీకి, ఊరికన్నా సర్జన్ చేయి ముఖ్యం. నెలకు ఎన్ని ముక్కులు చేస్తారో, ఏడాది తర్వాతి ఫొటోలు ఉన్నాయో లేదో అడగాలి. ఆ అనుభవం వరంగల్‌లోనే దొరికితే మంచిదే. లేకపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగడానికి నేను వెనకాడను. ముక్కు కదలకుండా పెట్టే స్ప్లింట్ అనే ఆధారాన్ని తీయడానికి వారం తర్వాత మళ్లీ వెళ్లాలి, ఆ పైన ఏడాదిపాటు అప్పుడప్పుడు చూపించుకోవాలి. కోత పూర్తిగా లోపలే పెడతారా, రంధ్రాల మధ్య చర్మం మీద చిన్న గాటు పెడతారా అన్నది సర్జన్‌కు వదిలేయండి. ఆ గాటు మచ్చ సాధారణంగా కనిపించదు.

చర్మం కింద జెల్ నింపే ఫిల్లర్ సూదితో ముక్కు లేపుతామనే బ్యూటీ క్లినిక్‌ల జోలికి వెళ్లవద్దనే అంటాను. ఫలితం నెలల్లో కరిగిపోతుంది, ఊపిరికి ఒరిగేదేమీ ఉండదు. మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడవచ్చు, చూపు కూడా పోవచ్చు.

దెబ్బ కొత్తదైతే ఈ బేరీజులన్నీ పక్కన పెట్టాలి. విరిగిన ఎముకను సాధారణంగా రెండు వారాల లోపే చోటుకు తెస్తారు. ముక్కు లోపల మధ్య గోడకు రెండు వైపులా మెత్తటి వాపు వచ్చి ఊపిరి ఆడకపోతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గోడలో చేరిన రక్తాన్ని తీయకపోతే మృదులాస్థి కరిగి ముక్కు కుంగిపోతుంది. ముక్కే తెగిపోయినా, క్యాన్సర్‌కు తీసేయాల్సి వచ్చినా నుదుటి చర్మాన్ని తిప్పి ముక్కు కట్టే పాత భారతీయ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పుణెలో అలా కట్టిన ముక్కు గురించి 1794లో లండన్ పత్రికలో చదివాకే ఇంగ్లండ్‌లో కార్ప్యూ అనే సర్జన్ 1814లో ఆ పని మొదలుపెట్టాడు.

డబ్బు దగ్గర కూడా తేడా ఉంది. ప్రమాదం వల్లనో వైద్య అవసరం వల్లనో చేసే శస్త్రచికిత్సను ఆరోగ్య బీమా ఒప్పుకోవచ్చు, కేవలం అందం కోసం చేసేదాన్ని ఒప్పుకోదు. దాని బిల్లు మీద జీఎస్టీ కూడా పడుతుంది. అందుకే ఊపిరికి ఎంత, రూపానికి ఎంత అని అంచనా విడివిడిగా రాయించుకోండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా లేదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఇక పెళ్లి కుదిరాక పరుగెత్తుకొచ్చే అమ్మాయిలు, అబ్బాయిలు. సెల్ఫీ చూసి నిర్ణయించుకోకండి. అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. ఎదుగుదల పూర్తికాని వయసులో, అంటే అమ్మాయిలకు 15–16, అబ్బాయిలకు 17–18 ఏళ్లకు ముందు, రైనోప్లాస్టీ సాధారణంగా చేయరు. వాపులో ఎక్కువ భాగం కొన్ని వారాల్లో తగ్గినా, ముక్కు కొన కుదుటపడడానికి ఏడాది పట్టవచ్చు. మాఘంలో ముహూర్తం పెట్టుకుని మార్గశిరంలో ఆపరేషన్ అంటే పెళ్లి ఫొటోల్లో ఉబ్బిన ముక్కే ఉంటుంది. ముక్కుపుడక ఆపరేషన్‌కు ముందే తీసేయాలి, తిరిగి ఎప్పుడు పెట్టుకోవాలో డాక్టరే చెప్పాలి.